రోబో కంటే ముందటి పద్నాలుగు రోజులు

మూత్రపిండం మీది గ్రంథిలో పుట్టిన ఫియోక్రోమోసైటోమా అనే అరుదైన గడ్డను రోబో సాయంతో తీసిన ఆపరేషన్ అయి ఇంటికి చేరిన నాటి నుంచి నన్ను పలకరించడానికి వచ్చినవారిలో చాలామంది కూర్చోకముందే అడిగిన ప్రశ్న ఒకటే: "మరమనిషి ఆపరేషన్ చేసిందంట గదా మేడం, నిజమేనా?" వీధిలోని వారు అడిగారు, తోటి ఉపాధ్యాయులు అడిగారు, నేను తిరిగి బడికి వెళ్లిన మొదటి రోజున తొమ్మిదో తరగతి పిల్లలూ అడిగారు. వారి ఆసక్తి సహజమైనదే. అయితే ఆ యంత్రం నా శరీరం దగ్గర ఉన్నది రెండున్నర గంటలు మాత్రమే. ఆ రెండున్నర గంటలు క్షేమంగా గడవడానికి ముందు పద్నాలుగు రోజులు జరిగిన పని గురించి గానీ, ఆ పనికి దారి చూపిన ఒక మూత్ర పరీక్ష గురించి గానీ, ఆ పరీక్ష దాకా చేరకుండా గడిచిపోయిన రెండున్నర ఏళ్ల గురించి గానీ ఎవరూ అడగలేదు. అసలు తెలుసుకోవలసింది అక్కడే ఉందని నా నమ్మకం. అందుకే ఇది రాస్తున్నాను.

నేను నల్లగొండలో ఉంటాను. పట్టణానికి దగ్గరలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పద్దెనిమిదేళ్లుగా జీవశాస్త్రం చెబుతున్నాను. 2021 మే నెలలో, కరోనా రెండో విడత కారణంగా బడులు మూసి ఉన్న రోజుల్లో, వంటగదిలో వంగి బియ్యం డబ్బాను పక్కకు జరుపుతుండగా మొదటిసారి ఆ బాధ వచ్చింది. తల వెనుక భాగంలో సుత్తితో కొడుతున్నట్టు నొప్పి, గొంతులోకి ఎగదన్నుతున్నట్టు గుండె దడ, చీర తడిసిపోయేంత చెమట ఒక్కసారిగా కమ్ముకున్నాయి. గోడను పట్టుకుని కూలబడ్డాను. పదిహేను నిమిషాలు గడిచేసరికి ఏమీ జరగనట్టు అంతా సర్దుకుంది. నల్లగొండ ఎండలకు మే నెలలో చెమట పట్టిందంటే పట్టించుకునేవారెవరు? నేనూ పట్టించుకోలేదు. నెలకో రెండు నెలలకో ఒకసారి వచ్చే ఆ బాధ తరువాతి ఏడాదికి పది రోజులకొకసారి రావడం మొదలుపెట్టింది. డిసెంబరు తెల్లవారుజామున, ఇంట్లోవారంతా దుప్పట్లు కప్పుకుని పడుకున్న వేళ, నా దిండు తడిసిపోయిన రోజున మాత్రం భయం వేసింది.

దానికి ఎవరికి తోచిన పేరు వారు పెట్టారు. గుర్రంపోడు వైపున ఉండే మా అమ్మ దిష్టి అన్నది. నాకప్పుడు నలభై మూడేళ్లు కనుక నెలసరి ఆగిపోయే వయసులో అందరికీ ఇలాగే ఉంటుందని తోటి ఉపాధ్యాయిని ఒకరు ధైర్యం చెప్పారు. ఒక క్లినిక్కులో గ్యాసు అన్నారు, మరొక చోట టెన్షన్ అన్నారు. బీపీ చూసిన ప్రతిసారీ 130, 84 దగ్గర ఉండేది. బాధ వచ్చిన పదిహేను నిమిషాలలో బీపీ చూసినవారు లేరు, బాధ తగ్గిన తరువాత చూస్తే చెప్పడానికేమీ మిగిలేది కాదు. ఇంట్లో బీపీ యంత్రం ఒకటి ముందే ఉండి ఉంటే కథ రెండేళ్లు తగ్గేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఒక్క విషయాన్ని మాత్రం మా వారు సరిగ్గా గమనించారు. "బాధ వచ్చినప్పుడల్లా నీ ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబోతున్నది" అని ఆయన చాలాసార్లు అన్నారు. నెలసరి ఆగిపోయే వయసులో వచ్చే వేడి ఆవిర్లకు ముఖం ఎర్రబడుతుంది. నాకున్న ఈ గడ్డ జబ్బులో మాత్రం చర్మంలోని సన్నని రక్తనాళాలు బిగుసుకుపోయి ముఖం పాలిపోతుంది. ఈ తేడా తెలిసిన వైద్యుని చెవిన ఆ మాట పడటానికి చాలా కాలం పట్టింది.

2023 ఆగస్టులో జరిగినదాన్ని కోపంతో కాక, మరొకరికి జరగకూడదన్న ఆలోచనతో చెబుతున్నాను. గుండె దడ తగ్గడానికని ఒకచోట నాకు ప్రొప్రనొలాల్ మాత్రలు రాశారు. దడకు, చేతుల వణుకుకు, ఆందోళనకు చాలామందికి ఇచ్చే మామూలు మాత్ర అది. మూడో రోజు రాత్రి తలనొప్పి ఎంత తీవ్రంగా వచ్చిందంటే కళ్ల ముందు మసకలు కమ్మి, వాంతులై, మా వారు నన్ను ఆటోలో అత్యవసర చికిత్సకు తీసుకుపోయేసరికి బీపీ 230, 130 ఉంది. ఈ గడ్డ విపరీతంగా ఊరించే అడ్రినలిన్ అనే హార్మోన్ రక్తనాళాల మీద రెండు రకాల గ్రాహకాల ద్వారా, అంటే హార్మోన్‌ను అందుకునే కణ భాగాల ద్వారా, పనిచేస్తుంది. ఆల్ఫా గ్రాహకాలు నాళాలను బిగిస్తాయి. బీటా గ్రాహకాలలో ఒక రకం గుండె వేగాన్ని పెంచితే, మరొక రకం కండరాలలోని నాళాలను వదులు చేస్తుంది. ప్రొప్రనొలాల్ ఈ రెండు రకాల బీటా గ్రాహకాలనూ మూసివేస్తుంది. అప్పుడు వదులు చేసే చేయి కట్టుబడి, బిగించే చేయి ఒక్కటే మిగులుతుంది. అడ్రినలిన్ విపరీతంగా ఊరుతున్న మనిషికి ఆల్ఫా గ్రాహకాలను అదుపులో పెట్టకుండా ఈ మాత్ర ఇస్తే జరిగేది అదే. వాంతులు ఆగడానికి మామూలుగా ఇచ్చే మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ కూడా ఈ జబ్బు ఉన్నవారిలో బీపీని ప్రాణాంతకంగా పెంచగలదని తరువాత తెలిసింది. ఆ రాత్రి నాకు దాన్ని ఇవ్వకపోవడం నా అదృష్టం.

నవంబరులో నల్లగొండలోనే ఒక ఫిజీషియన్ దగ్గరకు వెళ్లాను. ఆయన నాడి పట్టుకోకముందే ఒక ప్రశ్న వేశారు: "తలనొప్పి, చెమట, దడ, ఈ మూడూ ఒక్కసారే వస్తాయా అమ్మా, విడివిడిగా వస్తాయా?" ఒక్కసారే వస్తాయన్నాను. ముఖం ఎర్రబడుతుందా, తెల్లబడుతుందా అని అడిగారు. మా వారు జవాబు చెప్పారు. బరువు తగ్గారా, చక్కెర ఎప్పుడైనా పెరిగిందా అని అడిగారు. ఆరు కిలోలు తగ్గాను, ఆ ఏడాదే చక్కెర కూడా హద్దు దాటింది. ఆయన కాసేపు మౌనంగా ఉండి, చీటీ మీద 24 గంటల మూత్రంలో మెటానెఫ్రిన్లు అని రాశారు. అడ్రినలిన్ వంటి హార్మోన్లు విరిగినప్పుడు మిగిలే పదార్థాలు అవి. రెండున్నర ఏళ్లలో నా చేతికి వచ్చిన మొదటి సరైన చీటీ అది.

జబ్బు పేరు ఫియోక్రోమోసైటోమా. ఏటా పది లక్షల మందిలో రెండు నుంచి ఎనిమిది మందికి మాత్రమే బయటపడే అరుదైన గడ్డ ఇది. ప్రతి మూత్రపిండం మీద టోపీలా కూర్చుని, నాలుగైదు గ్రాముల బరువు మాత్రమే ఉండే అధివృక్క గ్రంథిలో రెండు పొరలుంటాయి. పైనున్న వల్కలం కార్టిసాల్, ఆల్డోస్టిరాన్ వంటి హార్మోన్లను, లోపలి దవ్వ అడ్రినలిన్, నారడ్రినలిన్‌లను తయారుచేస్తాయి. దవ్వలో పుట్టే గడ్డే ఫియోక్రోమోసైటోమా. కుక్క వెంటపడినప్పుడు పరుగెత్తడానికి, పాము కనపడినప్పుడు వెనక్కి దూకడానికి శరీరాన్ని సిద్ధం చేసే హార్మోన్ అడ్రినలిన్ అని పద్దెనిమిదేళ్లుగా పదో తరగతి పిల్లలకు నేనే చెబుతున్నాను. కుక్కా లేని, పామూ లేని వంటగదిలో అదే హార్మోన్ నా గుండెను పరుగెత్తిస్తోందని ఆ పాఠం చెప్పిన నాకే తట్టలేదు. ఆ చీటీ పట్టుకుని ఇంటికి వచ్చిన రాత్రి ఈ విషయమే నన్ను ఎక్కువగా బాధపెట్టింది.

ఈ జబ్బు చరిత్ర కూడా అప్పుడే చదివాను. 1886లో జర్మనీలోని ఫ్రైబర్గ్ నగరంలో పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఇలాంటి బాధలతోనే చనిపోతే, ఫెలిక్స్ ఫ్రెంకెల్ అనే వైద్యుడు ఆమె రెండు అధివృక్క గ్రంథులలోనూ గడ్డలున్నాయని రాశాడు. 1912లో లుడ్విగ్ పిక్ దీనికి ఇప్పటి పేరు పెట్టాడు. క్రోమియం లవణాలు తగిలినప్పుడు ఈ కణాలు ముదురు గోధుమ రంగుకు తిరుగుతాయి కనుక గ్రీకు భాషలో మసక రంగు కణాల గడ్డ అన్న అర్థం వచ్చే పేరు అది. 1926లో స్విట్జర్లాండులోని లొసాన్‌లో సెజార్ రూ, అమెరికాలోని రాచెస్టర్‌లో చార్లెస్ మేయో ఈ గడ్డను తీసి రోగిని బతికించగలిగారు. ఆ ఫ్రైబర్గ్ అమ్మాయి గురించి చదువుతున్నప్పుడు నా తరగతిలో ముందు వరుసలో కూర్చునే ఆడపిల్లల ముఖాలు కళ్ల ముందు కదిలాయి. అంతకు మించి ఆ రాత్రి చదవలేకపోయాను.

పరీక్ష విధానం ఇలా ఉంటుంది. ల్యాబు వారు ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా ఇస్తారు. అడుగున కొద్దిగా ఆమ్లం ఉంటుంది కనుక దాన్ని ఒళ్లు తగలకుండా జాగ్రత్తగా వాడాలి. ఉదయం మొదటిసారి వచ్చే మూత్రాన్ని వదిలివేసి, ఆ తరువాత మరునాటి ఉదయం మొదటి మూత్రం దాకా ప్రతిసారీ దానిలోనే పట్టి, చల్లని చోట ఉంచాలి. ఒక్కసారి మరిచినా లెక్క తప్పుతుంది. నేను బడికి సెలవైన ఆదివారం పెట్టుకున్నాను. కొన్ని మానసిక జబ్బుల మాత్రలు, కొన్ని జలుబు మాత్రలు, కొన్ని పద్ధతులలో పారాసిటమాల్ కూడా ఫలితాన్ని తారుమారు చేస్తాయి కనుక ఏ మందులు వాడుతున్నామో ముందే చెప్పాలి. రక్తంలోనూ ఈ పరీక్ష చేస్తారు. అప్పుడు కనీసం ఇరవై, ముప్ఫై నిమిషాలు కదలకుండా వెల్లకిలా పడుకున్న తరువాతనే రక్తం తీయాలి. కూర్చోబెట్టి, సూది గుచ్చిన వెంటనే తీసిన రక్తంలో ఆ భయానికే హార్మోన్లు పెరిగి కనపడతాయి. నా ఫలితంలో ఆ మెటానెఫ్రిన్లలో ఒకటైన నార్మెటానెఫ్రిన్ ఉండవలసిన గరిష్ఠ పరిమితికి ఐదు రెట్లు ఉంది.

ఆ తరువాతే సీటీ. వరుస ముఖ్యమని ఫిజీషియన్ గారు ప్రత్యేకంగా చెప్పారు. వేరే కారణంతో పొట్టకు సీటీ తీయించుకున్న పెద్దవారిలో నూటికి నాలుగైదుగురికి అధివృక్క గ్రంథిలో ఏదో ఒక చిన్న గడ్డ కనపడుతుంది, వాటిలో అత్యధిక భాగం ఏ హార్మోనూ చేయని, జోలికి పోనవసరం లేని గడ్డలు. కొవ్వు నిండిన అలాంటి గడ్డలు సీటీ కొలతలో 10 యూనిట్ల లోపు ఉంటాయి. నాది 36. కుడి వైపున, కాలేయం కింద, 4.6 సెంటీమీటర్లు. మా బంధువులలో ఒకరు ముందు సూదితో ముక్క తీయించి క్యాన్సరో కాదో తేల్చుకుందామని పట్టుబట్టారు. ఈ గడ్డకు సూది గుచ్చితే నిల్వ ఉన్న హార్మోన్ ఒక్కసారిగా రక్తంలోకి చిమ్మి ప్రాణం తీయవచ్చునని, హార్మోన్ పరీక్ష చేయకుండా ఏ అధివృక్క గడ్డకూ సూది గుచ్చకూడదని డాక్టరు గారు ఆయనను ఎదురుగా కూర్చోబెట్టి వివరించవలసి వచ్చింది. మా జిల్లాలో ఏ జబ్బు వచ్చినా ముందు నీళ్లనే అనుమానిస్తాం. ఫ్లోరైడ్ వల్ల వచ్చిందా అని మా అత్తగారు అడిగారు. దీనికి నీటితో సంబంధం లేదని, మూడింట ఒక వంతు మందిలో పుట్టుకతో వచ్చిన జన్యు లోపం ఉంటుందని ఆయన చెప్పారు.

హైదరాబాదుకు నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా వంద కిలోమీటర్లు. ఆ దారిలో ప్రతి స్పీడు బ్రేకరు దగ్గర మా వారు కారును దాదాపు ఆపేసేవారు, ఎందుకంటే పొట్ట మీద ఒత్తిడి పడితే, కుదుపు తగిలితే బాధ వచ్చేది. అక్కడి ఎండోక్రైన్ సర్జన్, అంటే హార్మోన్ గ్రంథులకు ఆపరేషన్ చేసే డాక్టరు, నా కాగితాలన్నీ చూసి, ఆపరేషన్ తేదీ ఇవ్వడానికి ముందు పద్నాలుగు రోజుల కార్యక్రమం రాసి ఇచ్చారు. "ఈ పద్నాలుగు రోజులు మీరు చేసేదే ఆపరేషన్‌లో సగం" అన్నారు.

మొదటి మందు ప్రజొసిన్, ఆల్ఫా గ్రాహకాలను మూసే మాత్ర. మొదటి మోతాదుకు ఒక్కసారిగా బీపీ పడిపోయి కళ్లు తిరిగే ప్రమాదం ఉంది కనుక రాత్రి పడుకునే ముందు, మంచం మీదనే వేసుకోమన్నారు. రెండు రోజులకొకసారి మోతాదు పెంచారు. రోజూ ఉదయం, సాయంత్రం కూర్చుని ఒకసారి, లేచి నిలబడిన తరువాత ఒకసారి బీపీ చూసి పుస్తకంలో రాయాలి. కూర్చున్నప్పుడు 130, 80 లోపుకు రావాలి, నిలబడినప్పుడు పై అంకె 90కి తగ్గకూడదు. నాలుగో రోజు నుంచి ముక్కులు దిబ్బడ వేశాయి. ఫోన్ చేసి చెబితే డాక్టరు గారు సంతోషించారు. ముక్కులోని రక్తనాళాలు వదులవుతున్నాయంటే మందు పనిచేస్తోందని అర్థమట. పదో రోజున మాత్రమే, ఆల్ఫా గ్రాహకాలు పూర్తిగా అదుపులోకి వచ్చాయని తేలిన తరువాత, గుండె వేగం తగ్గడానికి బీటా మాత్రను చిన్న మోతాదులో చేర్చారు. ఆగస్టులో నన్ను ప్రాణాపాయంలోకి నెట్టిన మాత్ర జాతిదే అది. వరుస మారినందువల్ల ఇప్పుడు మేలు చేసింది.

రెండో ఆదేశం మా ఇంట్లో అందరినీ నివ్వెరపరిచింది. ఉప్పు ఎక్కువగా తినాలి, నీళ్లు ఎక్కువగా తాగాలి. నాకు తోడుగా వచ్చి ఉన్న మా అమ్మ అసలు నమ్మలేదు. "బీపీ ఉన్నోళ్లకు ఉప్పు ఎవరన్న పెడ్తరా బిడ్డా? డాక్టరు ఉల్టా చెప్పిండేమో, ఇంకోసారి అడుగు" అన్నది. అమ్మకు అర్థమయ్యేలా చెప్పడానికి మా బత్తాయి తోటే అక్కరకు వచ్చింది. డ్రిప్పు పైపును ఒకచోట వేళ్లతో గట్టిగా నొక్కి పట్టుకుంటే ఉన్న కొద్ది నీటికే పైపు బిగుసుకుంటుంది. వేళ్లు వదిలేస్తే పైపు వదులై, అంతే నీరు చాలక చివరి చెట్టు దాకా పారదు. అడ్రినలిన్ రెండున్నర ఏళ్లుగా నా రక్తనాళాలను నొక్కి పట్టింది. అందుకు తగినట్టు శరీరంలో రక్తపు నీరు కూడా తగ్గిపోయింది. ఇప్పుడు మందుతో నాళాలను వదులు చేస్తున్నారు కనుక వాటిని నింపుకోవాలి. గడ్డను తీసిన క్షణాన హార్మోన్ ఒక్కసారిగా ఆగిపోతుంది, అప్పటికి నాళాలు నిండి లేకపోతే బీపీ పాతాళానికి పడిపోతుంది. అమ్మ కాసేపు ఆలోచించి, "అయితే నీళ్లు కట్టుడే గదా" అన్నది. ఆ సాయంత్రం నుంచి పెద్ద చెంబుతో ఉప్పు మజ్జిగ, అన్నంలోకి మామిడికాయ తొక్కు, పొద్దున ఉప్పు వేసిన గంజి తానే లెక్కపెట్టి ఇచ్చింది. పద్నాలుగు రోజులలో బరువు కిలోన్నర పెరిగింది, పుస్తకంలో అంకెలు దారికి వచ్చాయి. ఇంత ఉప్పు ఈ ఒక్క జబ్బుకు, ఈ మాత్రలతో పాటు, డాక్టరు చెప్పిన కొద్ది రోజులకు మాత్రమే. మామూలు బీపీ ఉన్నవారు దీన్ని చదివి ఉప్పు పెంచితే హాని జరుగుతుంది.

ఇక అందరూ అడిగిన యంత్రం. అది తనంతట తాను ఏమీ చేయదు. ఆపరేషన్ గదిలోనే కొన్ని అడుగుల దూరంలో ఒక పెట్టె ముందు సర్జన్ కూర్చుంటారు. రెండు కళ్లకు రెండు వేర్వేరు దృశ్యాలు అందడం వల్ల లోతు తెలిసేలా, దాదాపు పది రెట్లు పెద్దదిగా లోపలి భాగం ఆయనకు కనపడుతుంది. ఆయన వేళ్ల కదలికలను యంత్రపు చేతులు తగ్గించి, వణుకు లేకుండా, పొట్ట లోపల చిన్న పనిముట్లతో చేస్తాయి. ఆ పనిముట్లు మన మణికట్టు తిరిగినట్టు తిరుగుతాయి. చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చూస్తూ చేసే మామూలు ల్యాప్రోస్కోపీలో వాడే నిటారు పనిముట్లకు ఆ సౌకర్యం లేదు. అమెరికాలో ఔషధ నియంత్రణ సంస్థ డావిన్చీ అనే ఈ రకం యంత్రానికి 2000లో అనుమతి ఇచ్చింది. హైదరాబాదులో ఇప్పుడు ప్రైవేటు ఆసుపత్రులలోనే కాక ప్రభుత్వ రంగంలోని నిమ్స్‌లో కూడా 2023 నుంచి రోబో ఆపరేషన్లు జరుగుతున్నాయి.

నేను కోరడంతో సర్జన్ ఆపరేషన్ వీడియోను ఆరు వారాల తరువాత చూపించారు. పద్దెనిమిదేళ్లు బల్ల మీద బొమ్మలు గీసి చెప్పిన నాకు సొంత శరీరాన్ని లోపలి నుంచి చూడటం మాటల్లో పెట్టలేని అనుభవం. నన్ను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టారు. కుడి పక్కటెముకల కింద ఐదు చిన్న రంధ్రాలు చేసి, పొట్టలోకి బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) నింపారు. వాయువు ఒత్తిడి కూడా గడ్డను రెచ్చగొట్టగలదు కనుక దాన్ని తక్కువలో ఉంచారు. ఎర్రని గోడలా ఉన్న కాలేయాన్ని పైకి ఎత్తి పట్టగానే, దాని వెనుక నీలంగా, నా బొటనవేలికంటె లావుగా, శరీరపు కింది భాగం నుంచి రక్తాన్ని గుండెకు చేర్చే అధో బృహత్సిర కనపడింది. దాన్ని ఆనుకుని లేత పసుపు, ఎరుపు కలిసిన రంగులో ఆ గడ్డ ఉంది.

కుడి, ఎడమ గ్రంథుల మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఎడమ గ్రంథి నుంచి రక్తం పొడవైన సిర ద్వారా మూత్రపిండ సిరలోకి పోతుంది, అక్కడ సర్జన్‌కు కాస్త చోటు దొరుకుతుంది. కుడి గ్రంథి సిర చాలా పొట్టిది, నేరుగా అధో బృహత్సిరలోకే తెరుచుకుంటుంది. అది చిరిగితే శరీరంలోని అతిపెద్ద సిరకే రంధ్రం పడుతుంది. వీడియోలో ఆ సిర చుట్టూ ఉన్న కొవ్వును పనిముట్టు కొస పొర పొరగా విడదీయడానికి ఇరవై నిమిషాలకు పైగా పట్టింది. ఆ యంత్రపు చేతులకు స్పర్శ తెలియదు, ఎంత గట్టిగా లాగుతున్నదీ సర్జన్ కళ్లతోనే అంచనా కట్టుకోవాలి. అందువల్లనే ఆయన గడ్డను పట్టుకోలేదు, దాని చుట్టూ ఉన్న కొవ్వునే పట్టుకుని జరిపారు. అయినా రెండుసార్లు బీపీ 200 దాటింది. ఆ రెండుసార్లూ వీడియోలో పనిముట్లు కదలకుండా ఆగిపోవడం చూశాను. మత్తు డాక్టరు "ఆగండి" అన్నారట. ఆమె నా మణికట్టు ధమనిలో ఉంచిన గొట్టం ద్వారా గుండె కొట్టుకున్న ప్రతిసారీ బీపీ చూస్తూ, సోడియం నైట్రోప్రసైడ్‌తో దాన్ని దించి, మళ్లీ అనుమతి ఇచ్చిన తరువాతనే సర్జన్ కదిలారు. సిరకు క్లిప్పులు బిగించి కత్తిరించిన మరుక్షణం పరిస్థితి తలకిందులైంది. బీపీ 80కి పడిపోయింది. దించే మందును ఆపి, అప్పటిదాకా నా శత్రువుగా ఉన్న నారడ్రినలిన్‌నే ఇంజెక్షన్‌గా ఎక్కించి నిలబెట్టారు. మజ్జిగ తాగి నింపుకున్న నాళాల వల్లనే అది కొన్ని గంటలతో సరిపోయిందని ఆమె మరునాడు అమ్మతో చెప్పారు. అమ్మ ముఖం అప్పుడు చూడవలసింది.

రోబో లేకపోతే ఈ ఆపరేషన్ జరగదా అని నేను సర్జన్‌ను నేరుగా అడిగాను. మిషెల్ గన్యే అనే సర్జన్ 1992లోనే ల్యాప్రోస్కోపీతో అధివృక్క గ్రంథిని తీయడాన్ని ప్రచురించారని, చేయి తిరిగిన వారి దగ్గర ఆ పద్ధతి కూడా అంతే సురక్షితమని, గడ్డ పెద్దదిగా ఉన్నప్పుడు, పెద్ద సిరకు అంటుకుని ఉన్నప్పుడు, రోగి లావుగా ఉన్నప్పుడు రోబో వల్ల పని తేలికవుతుందని ఆయన దాపరికం లేకుండా చెప్పారు. రోబోకు ఖర్చు ఎక్కువ. కనుక ఈ అవసరం వచ్చినవారు యంత్రం ఉందా అని కాక, ఆ సర్జన్ ఇలాంటి గడ్డలు ఎన్ని తీశారు, మత్తు డాక్టరుకు ఈ జబ్బుతో అనుభవం ఉందా, రాత్రి ఐసీయూలో ఎవరుంటారు అని ముందుగా అడగాలని నా అభిప్రాయం. ఆ ప్రశ్నలకు సరైన జవాబు వచ్చిన చోట రోబో ఉంటే మంచిదే, లేకపోయినా వెనుకాడనవసరం లేదు.

ఆ రాత్రి ఐసీయూలో గంటగంటకూ వేలికి సూది గుచ్చి చక్కెర చూశారు. అడ్రినలిన్ ఇన్నాళ్లు ఇన్సులిన్‌ను అణిచి ఉంచింది. అది తొలగగానే ఇన్సులిన్ ఒక్కసారిగా ఎగసి చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. నాకు ఒకసారి 62కు పడింది, గ్లూకోజు ఎక్కించారు. రెండో రోజు నడిచాను. నాలుగో రోజు ఇంటికి పంపించారు. నెల తిరిగేసరికి నా చక్కెర మందులు లేకుండానే మామూలు స్థాయికి వచ్చింది. ఎడమ గ్రంథి ఒక్కటే శరీరానికి కావలసినదంతా చేయగలదు కనుక హార్మోన్ మాత్రలు వాడవలసిన అవసరం రాలేదు.

గడ్డను పరీక్షించిన నివేదికలో చుట్టుపక్కలకు పాకిన గుర్తులు, రక్తనాళాలలోకి చొచ్చుకుపోయిన గుర్తులు లేవని రాశారు. బంధువులందరూ "క్యాన్సర్ కాదు, అయిపోయింది" అని ఊపిరి పీల్చుకున్నారు. ఆ మాటలో మొదటి సగం నిజం, రెండో సగం కాదు. ఇలాంటి గడ్డలను హాని లేనివి, హాని చేసేవి అని రెండు గంపల్లో వేయడం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 వర్గీకరణతో ఆగిపోయింది. సూక్ష్మదర్శిని కింద ఎంత నెమ్మదిగా కనపడినా, వీటిలో కొన్ని ఏళ్ల తరువాత మరొక చోట తలెత్తవచ్చు. ఎముకలలో, కాలేయంలో, ఊపిరితిత్తులలో కనపడితేనే అది పాకిందని తెలుస్తుంది. అందువల్ల కనీసం పదేళ్లు, జన్యు లోపం ఉన్నవారికైతే జీవితమంతా, ఏటా పరీక్ష తప్పదు. నా జన్యు పరీక్షలో లోపమేమీ బయటపడలేదు. ఆ ఫలితం కోసం ఎదురుచూసిన నెల రోజులు ఆపరేషన్ కంటే బరువుగా గడిచాయి, ఎందుకంటే లోపం ఉండి ఉంటే తరువాత పరీక్ష చేయించుకోవలసింది మా ఇద్దరు పిల్లలు.

ఆపరేషన్ తరువాత ఆరో వారంలో ఒకసారి, 2025 జనవరిలో మరొకసారి మెటానెఫ్రిన్లు చూశారు. రెండుసార్లూ పరిమితి లోపే ఉన్నాయి. బీపీ పుస్తకం ఇంకా రాస్తున్నాను, వారానికి రెండుసార్లు. ప్రతి ఏడాదీ జనవరిలో సంక్రాంతి సెలవుల మొదటి ఆదివారాన్ని ఆ పరీక్షకు కేటాయించుకున్నాను. ముందటి శనివారం సాయంత్రం మా వారు ల్యాబు నుంచి ఐదు లీటర్ల డబ్బా తెస్తారు. ఆ రోజు ఇంట్లో పండుగ పనులు అమ్మ చూసుకుంటుంది, నేను డబ్బా మీద నా పేరు, మొదలుపెట్టిన సమయం రాసి పెడతాను.